చీర పట్టని చట్రం

ఇప్పుడు వెబ్‌సైట్లు తయారుచేసే పిల్లలు తెర మీది బొమ్మను పట్టుకుని ఎటు లాగితే అటు వస్తుంది. పెద్దది కమ్మంటే పెద్దదవుతుంది, పక్కకు జరగమంటే జరుగుతుంది. మా రోజుల్లో ఇవన్నీ లేవని చెప్పబోతున్నానని మీరు అనుకుంటారు. మా రోజుల్లోనూ ఉన్నాయి. వాటిని కస్టమర్ల చేతికి వెళ్ళకుండా ఆపినవాణ్ణి నేను. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సులో చేరేసరికి నాకు నలభై మూడేళ్ళు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు సోమాజిగూడలో ఒక అచ్చాఫీసులో పేజీలు కూర్చాను. పెళ్ళి శుభలేఖల నుంచి కంపెనీల వార్షిక నివేదికల దాకా ఏ అక్షరం ఎక్కడ నిలబడాలో, ఏ బొమ్మ చుట్టూ ఎంత తెల్లజాగా వదలాలో నిర్ణయించడం నా పని. ఒకసారి ప్లేటు మెషిను మీదికి ఎక్కిందంటే ఇక ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. ఆ అచ్చాఫీసు మూతపడ్డాక నాకు రెండు దారులు మిగిలాయి. ఎవరినైనా అడగడం ఒకటి, కొత్త పని నేర్చుకోవడం ఒకటి. అడగడం మా ఇంటి అలవాటు కాదు.

మా ఇంటి సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. గోదావరి పక్కన మా తాతగారికి జమీందారీ కచేరీ ఉండేది. ఆయన ముందు ఎవరు నిలబడాలో, ఎవరికి చాప వేయాలో, ఎవరికి కుర్చీ వేయాలో అన్నీ ముందే నిర్ణయమై ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి కచేరీ లేదు, కుర్చీలు లేవు. ఆ నిర్ణయాలు మాత్రం ఇంట్లో మిగిలాయి. పోయిన వైభవాన్ని చెప్పుకుని తిరిగేవాళ్ళంటే నాకు చిన్నచూపు, అందుకని ఇక్కడితో ఆపుతాను. ప్రతి వస్తువుకీ ఒక చోటు ఉంటుందనీ, అది అక్కడే ఉండాలనీ ఆ ఇంట్లో నేర్చుకున్నాను. అచ్చాఫీసులో ఆ నమ్మకమే నాకు అన్నం పెట్టింది.

అమీర్‌పేటలో గడిచిన ఆ నెలలు నాకిప్పటికీ సగం నిద్రలో విన్న మాటల్లాగే గుర్తున్నాయి. ఉదయం ఆరున్నరకే క్లాసులు మొదలయ్యేవి. ఒక్కో భవనంలో అయిదారు ఇన్‌స్టిట్యూట్లు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండేవి. ఒక కిటికీలోంచి ఒక కంప్యూటరు భాష, పక్క కిటికీలోంచి ఇంకొకటి. పంతుళ్ళందరూ ఒకేసారి చెబుతుంటే, కింద గల్లీలో నడిచేవాడికి ఏదో గుళ్ళో పారాయణం జరుగుతున్నట్టు ఉండేది. బోర్డుల మీద బోర్డులు వేలాడి ఆకాశం సన్నటి చీలికలా కనబడేది. కరపత్రాలు పంచేవాళ్ళు నా తెల్ల చొక్కా, నెరిసిన చెంపలు చూసి, “సార్, మీ బాబు కోసమా?” అని అడిగేవారు. “నా కోసమే” అని కరపత్రం మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి.

కోర్సు అయ్యాక పంజగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, మూడో అంతస్తులో, పదిమంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో డిజైనరుగా చేరాను. మా కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవరు స్తంభాలు లేస్తూ కనబడేవి. వాటి మీద ఇంకా ఏమీ పడని రోజులు. మధ్యాహ్నం దుమ్ములో, ఎండలో ఆ స్తంభాలు కొంచెం ఊగుతున్నట్టుండేవి. వాటినే చూస్తూ నేను చాలా పేజీలు గీశాను.

మా యజమాని గుంటూరు వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు చిన్న. ఒక చెవి దగ్గర ఒక ఫోను, రెండో చెవి దగ్గర ఇంకో ఫోను పెట్టుకుని, రెండు ఫోన్లలోనూ “అయిపోయిందండీ, రేపే ఇచ్చేస్తున్నాం” అనేవాడు. నా పక్క బల్ల మీద పనిచేసే ప్రోగ్రామరు ఎర్రగడ్డలో పుట్టి పెరిగినవాడు. నేను వెన్ను ఆన్చకుండా కూర్చునే తీరు చూసి మొదటి వారమే నాకు ‘దొర సాబ్’ అని పేరు పెట్టాడు.

కస్టమరు మమ్మల్ని అడగకుండా తన సైటులో రాతలూ ఫోటోలూ తానే మార్చుకునే సాఫ్ట్‌వేరు ఒకటి మా కంపెనీ తయారుచేస్తోంది. సీఎంఎస్ అనేవాళ్ళం. దాని లోపలి పని ప్రోగ్రామరుది, పైకి కనబడే చట్రం నాది.

“దొర సాబ్, జర కస్టమర్లకు సుత ఏమన్న ఇడువుండ్రి” అనేవాడు. “ఫోటో ఎంత ఎడల్పుండాలె, ఎంత ఎత్తుండాలె, వరుసకు ఎన్ని రావాలె, గివన్ని సెట్టింగులు పెడ్త. రెండు దినాల పని.”

“పెడితే ఏం చేస్తారు?”

“ఆళ్ళకు నచ్చినట్టు చేసుకుంటరు.”

“అదే వద్దంటున్నాను.”

“మీతోని ఇంకో నెల పనిచేస్తే నేనే మా గల్లీ ఎనకున్న పిచ్చాసుపత్రి గోడ దుంకి లోపలికి పోత దొర సాబ్. ఎవ్వడు తోల్కపోవుడు సుత అక్కర్లేదు.”

నా పట్టుదలకు కారణం లేకపోలేదు. అంతకు ముందు ఇంకో పాత సాఫ్ట్‌వేరులో ఒక మిఠాయి దుకాణానికి అన్ని స్వేచ్ఛలూ ఇచ్చి చూశాం. వాళ్ళు ఒక్క జాంగ్రీని పేజీ అంతా సాగదీసి, దాని మీద చిలకపచ్చ అక్షరాలు తిప్పారు. నేను గీసిన పేజీ దాని కింద ఎక్కడో ఊపిరాడక పడి ఉంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మా యజమాని నా మాటే నెగ్గించాడు.

“ఆయన చెప్పినట్టే కానీ తమ్ముడూ. కస్టమరు చేతికి ఎంత తక్కువ ఇస్తే మనకి అంత తక్కువ ఫోన్లు.”

చివరికి మా సీఎంఎస్‌లో కస్టమరుకు మిగిలినవి మూడే. ఒక శీర్షిక, నాలుగు వరుసల రాత, ఒక ఫోటో. ఫోటోకు నిలువుగా ఉండే గడి. ఎంత పెద్ద ఫోటో ఎక్కించినా సాఫ్ట్‌వేరే దాని నడిమి భాగం తీసుకుని పక్కలు కత్తిరించేది. వరుసకు నాలుగు గడులు, చుట్టూ సమానంగా తెల్లజాగా. ఆ పేజీ అందంగా ఉండేది. ఇప్పుడు చూపించినా అందంగానే ఉందంటాను.

ఆ చట్రంతో మేము కట్టిన మూడో సైటు నల్గొండ వైపు ఒక నేతగాళ్ళ సంఘానిది. అమీర్‌పేటలో రెండు ఇన్‌స్టిట్యూట్ల మధ్య ఇరుక్కున్న సన్నటి గది వాళ్ళ దుకాణం. దాన్ని నడిపే ఆవిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ మగ్గాల ఇళ్ళే. రంగు అద్దే ముందు పోగులకు ముడులు కట్టీ కట్టీ ఆవిడ వేళ్ళ కొసలు గట్టిపడి ఉండేవి. దుకాణం వెనక గోడకు ఆనుకుని ఆవిడ మామగారు కూర్చునేవాడు. ముప్పై ఏళ్ళు నేసి, కళ్ళు మసకబారాక మగ్గం దిగిన మనిషి.

సైటు ఎలా వాడాలో నేర్పడానికి వెళ్ళిన రోజే ఆవిడ నాకు అసలు విషయం చెప్పింది.

“ఈ దుకాణం నడుస్తెనే మా మగ్గాలు మా చేతుల ఉంటయి సార్. లేకపోతే మళ్ళ సేట్ల దగ్గర కూలికి నెయ్యాలె. ఇంటర్నెట్ల పెడితే పెద్ద ఆర్డర్లొస్తయని సంఘంల నేనే జిద్దు చేసిన. దసరా దాంక చూస్తం, రాకపోతే దుకాణం ఎత్తేస్తమన్నరు.”

“వస్తాయమ్మా” అన్నాను, ఆర్డర్లు తెప్పించేది నా గడులే అన్నట్టు.

ఆవిడ ఒక్క పూటలో పని నేర్చుకుంది. మరుసటి వారం ఫోను చేసింది.

“సార్, అంచు వస్తలేదు.”

“ఎక్కడ?”

“ఫోటోల. రెండు దిక్కుల కోసుకపోతుంది. నడిమి బట్ట ఒక్కటే కనబడ్తుంది.”

“దూరం నుంచి తీయండి.”

“దూరం పోతే ఈపు గోడకు తాకుతుంది సార్. మా దుకాణం ఎంతుందో చూసిండ్రు గద. బయటికొచ్చి తీస్తే చీర గింత కనబడ్తది, నేత తెలుస్తలేదు.”

“ప్రయత్నించండి” అని పెట్టేశాను.

రెండోసారి ఆవిడే మూడు అంతస్తులు ఎక్కి వచ్చింది. సంచిలోంచి ఒక చీర తీసి నా బల్ల మీద పరిచింది. బెల్లం రంగు చీర, అంచుల్లో నల్లటి, ఎర్రటి చిన్న చిన్న మెట్లు, నీళ్ళలో నీడల్లా కాస్త అలికినట్టు. ఆఫీసులో పదిమందీ లేచి చూశారు.

“గీ అంచుకు పోగులు కట్టనీకె పన్నెండు దినాలు పడ్తది సార్. దీన్ని కోసి మిగిలింది చూపిస్తే గిది ఎవలి చీరో ఎట్ల తెలుస్తది?”

“అమ్మా, పేజీకి ఒక క్రమం ఉంటుంది” అన్నాను. “మీ ఒక్కరి కోసం గడి మారిస్తే పేజీ మొత్తం చెడిపోతుంది. మీ సరుకునే గడికి తగ్గట్టు తెచ్చుకోవాలి.”

ఆవిడ చీరను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“గడికి తగ్గట్టు. సరే సార్.”

ఆవిడ మెట్లు దిగాక ప్రోగ్రామరు నా వైపు తిరిగాడు. “ఆమె పన్నెండు దినాలు కట్టిందట. మీరు పన్నెండు పిక్సెళ్ళు సుత జరగలే దొర సాబ్.”

“నీ పని చూసుకో.”

మూడోసారి ఫోను వచ్చినప్పుడు నేను మాట్లాడనే లేదు. ‘ఫోటోలు తీయు విధానం’ అని పది సూచనలు టైపు చేయించి, కాగితం పంపించాను. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

ఆగిపోవడమే కాదు, ఫోటోలు మారిపోయాయి. ఒక్కో గడిలో ఒక్కో అంచు, సరిగ్గా నడుమ, నిలువుగా, ఎక్కడా తెగకుండా నిలబడింది. వానలు మొదలైన రోజులు. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే, మధ్యాహ్నపు మబ్బు వెలుతురులో ఆ పేజీ తెరుచుకుని కూర్చునేవాణ్ణి. వరుసకు నాలుగు చొప్పున అంచులు, మబ్బులో నిలబడ్డ దీపస్తంభాల్లా. ఒకసారి అలా చూస్తూనే బల్ల మీద కునుకు పట్టింది. కలలో ఆ గడులన్నీ తలుపులు. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోతున్నాను, లోపల ఎవరో మెల్లగా బట్ట మడుస్తున్న చప్పుడు. కళ్ళు తెరిస్తే కింద రోడ్డు మీద బస్సుల హారన్లు.

కొత్త కస్టమర్లకు ఆ పేజీనే చూపించేవాణ్ణి. “చూశారా, ఆవిడ పెద్దగా చదువుకోలేదు. సూచనలు పాటించింది, అంతే” అనేవాణ్ణి. అన్న ప్రతిసారీ నా వెన్ను ఇంకాస్త నిటారు అయ్యేది.

ఒక గురువారం మా యజమాని రెండు ఫోన్లూ వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“పట్టేశారండీ! బెంగళూరులో ఎన్నో చీరల దుకాణాలున్న ఆవిడంట, మన తెలుగావిడే. మన సైటు చూసి ఇరవై చీరలు ఎంచుకుందంట. శనివారం పదకొండింటికి దుకాణానికొచ్చి కళ్ళతో చూసి ఆర్డరు ఖాయం చేస్తుందంట. మీరిద్దరూ వెళ్ళండి. మన కంపెనీ పేరు నాలుగుసార్లు వినబడాలి, ఏంటి?”

శనివారం ఉదయం నేనూ ప్రోగ్రామరూ పంజగుట్ట నుంచి నడిచే వెళ్ళాం. రాత్రి వాన పడి రోడ్డంతా కడిగినట్టుంది. స్తంభాల నీడలు నీటి గుంటల్లో పొడుగ్గా పడి ఉన్నాయి. నేను ఉతికించిన చొక్కా వేసుకుని, ఏదో సన్మానానికి వెళుతున్నట్టు నడిచాను. ఆ అరగంట నడక నాకెంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు కాస్త సిగ్గుపడుతున్నాను.

దుకాణంలో ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ చీరలు. మమ్మల్ని చూసి లేవలేదు. మామగారు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

“ఏంటమ్మా, పండగలాంటి రోజున ఇలా ఉన్నారేంటి?” అన్నాను.

“రాత్రి ఆ మేడమ్ ఫోన్ చేసింది సార్. ‘నడుమ అంచున్న చీర నేను ఏడ చూడలే, గా నేతే నాకు కావాలె’ అన్నది.” ఆవిడ చుట్టూ ఉన్న చీరల వైపు చేయి చూపించింది. “నడుమ అంచున్న చీర మా దగ్గర ఒక్కటి సుత లేదు.”

“ఫోటోల్లో ఉన్నాయి కదా?”

ఆవిడ ముందున్న చీరను దగ్గరికి లాక్కుంది. రెండు పక్కల నుంచి లోపలికి మడిచి, రెండు అంచులూ నడుమ ఒకదానికొకటి తాకేలా ఇస్త్రీ చేసి ఉంది. ఆవిడ రెండు చేతులతో మడతలు విప్పింది. అంచులు విడిపోయి రెండు పక్కలకు వెళ్ళిపోయాయి. నడుమ ఖాళీ బట్ట, దాని మీద రెండు ఇస్త్రీ గీతలు.

“సరుకునే గడికి తగ్గట్టు తెమ్మన్నరు గద సార్. ఫోటోకు అయితలేదు. చీరనే మడిచిన.”

మామగారు గోడ వైపు నుంచి తిరగకుండానే మాట్లాడాడు.

“వద్దన్న సారు. అంచంటె ఒడ్డసొంటిది. దాన్ని తెచ్చి నడుమ పెడ్తె నీళ్ళు ఎటు పోవాలె? ఇన్నది గాదు. ఇప్పుడు అట్లనే నేసిద్దామా అని రాత్రంత లెక్కేసిన. కొత్త పడుగు కట్టాలె, మల్ల ముడులెయ్యాలె. దసరా దాటిపోతది.”

“దొంగ ఫోటోలు పెట్టిండ్రంటది” అంది ఆవిడ. “ఆర్డర్ పోతే పోయె, సంఘం పేరు పోతది. నా మాట మీద పెట్టిన దుకాణం సార్ ఇది. ఊర్ల ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?”

గల్లీ అవతల ఏదో క్లాసులో పంతులు ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పిస్తున్నాడు. పిల్లలందరూ కలిసి అదే వాక్యం అంటున్నారు.

పదకొండు కాకముందే బెంగళూరావిడ ఆటో దిగింది. యాభై దాటిన మనిషి, ముతక నూలు చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. చెప్పులు విప్పి తిన్నగా చాప మీద కూర్చుంది.

“ఏదీ అమ్మాయ్, ఆ మధ్య అంచు చీరలు తీయి. ఎన్ని మగ్గాలున్నాయి ఆ నేతకి?”

దుకాణం ఆవిడ నోరు తెరిచింది. “అమ్మా, అవీ...”

“అవి లేవండీ” అన్నాను నేను.

బెంగళూరావిడ తలెత్తి చూసింది. “మీరెవరు?”

“ఆ వెబ్‌సైటు చట్రం చేసినవాణ్ణి. అందులో చీర పట్టదు. అంచులు తెగిపోతున్నాయని ఈవిడ మూడుసార్లు చెప్పారు. ఒకసారి చీర తెచ్చి నా బల్ల మీద పరిచారు. గడి మారదన్నాను. సరుకునే గడికి తగ్గట్టు తెచ్చుకోమన్నాను. అందుకని చీరను మడిచి ఫోటో తీశారు. మోసం చేద్దామని కాదు. తప్పు నాది. నన్ను క్షమించాలి.”

మా ఇంట్లో ఆ మాట ఇతరులు మాతో అనేవారు. నా నోట అది ఎలా పలుకుతుందో నేను అంతవరకు వినలేదు. వింటే మామూలుగానే ఉంది.

బెంగళూరావిడ ఇస్త్రీ గీతల మీద వేలు పోనిచ్చింది. “అంటే మీ డబ్బాలో పట్టడానికి దీని నడుం విరిచారన్నమాట.”

“అవునండీ.”

“మరి ఇంత అందమైన చీరని మామూలుగా చూపిస్తే మీ సొమ్మేం పోయింది?”

ప్రోగ్రామరు నా వైపు చూడకుండా గుమ్మం వైపు చూశాడు. నేను నిలబడే ఉన్నాను.

ఆవిడ చీరలన్నీ ఒక్కొక్కటే విప్పించి చూసింది. గంట గడిచింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. లేస్తూ అంది: “నాకు ఇవీ నచ్చాయి. కానీ నేనొక్కదాన్నే కాదు. మా దుకాణాల మేనేజర్లందరికీ ఆ ఫోటోలే పంపించాను. వాళ్ళు సరేనన్నది వేరే చీరకి. సోమవారం మధ్యాహ్నం కూర్చుంటున్నాం. అప్పటికి ఇవి ఉన్నవి ఉన్నట్టుగా సైటులో కనబడితే వాళ్ళకి చూపిస్తా. కనబడకపోతే ఈసారికి ఇంతే తల్లీ.”

ఆటో గల్లీ మలుపు తిరిగాక ప్రోగ్రామరును పక్కకు పిలిచాను. “ఆ సెట్టింగులు రెండు రోజుల పనన్నావు. రేపటికి అవుతుందా?”

వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఎప్పుడో చేసి పెట్టిన దొర సాబ్. కస్టమర్లకు వద్దన్నరు, కనబడకుండ మూసేసిన. తీసెయ్యమని మీరు అనలే.”

“ఆర్నెల్ల నుంచి ఉన్నాయా?”

“ఆర్నెల్లకెల్లి ఉన్నయి. ఫికర్ చెయ్యకుండ్రి, పది నిమిషాల తెరుస్త.”

ఆదివారం ఇన్‌స్టిట్యూట్లకు సెలవు. పక్క భవనం వాచ్‌మన్ను అడిగి డాబా తెరిపించుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆవిడ చాపలు పరిచి, వాటి మీద బెల్లం రంగు చీరను ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచింది. ఒక్కసారి కూడా మొత్తం పరిచిన చీరను నేను చూడలేదని అప్పుడు తెలిసింది. తల ఎత్తితే చుట్టూ బోర్డుల వెనక భాగాలు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు, వాటి మధ్య ఆకాశం. ఆవిడ కెమెరా పట్టుకుని స్టూలు మీద ఎక్కి ఒక ఫోటో తీయడం, దిగి స్టూలు జరపడం, మళ్ళీ ఎక్కడం. అలా కొంగు దాకా, ఇరవై చీరలకూ.

మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చారు, మామగారితో సహా. ప్రోగ్రామరు సెట్టింగులు తెరిచి కుర్చీ ఆవిడకు ఇచ్చాడు.

“ఎడల్పు ఎంత పెట్టొచ్చు సార్?” అని నన్ను అడిగింది.

“ఎంతైనా పెట్టుకోండి.”

“నిజంగ?”

“నిజంగా.”

ఆవిడ ఫోటోలన్నీ ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా చేర్చింది. పేజీ తెర దాటి కుడి వైపుకు పోయింది. ఇంకా పోయింది. చూసేవాడు మౌసు పట్టుకుని పక్కకు జరుపుకుంటూ పోవాల్సిందే. చదువరిని పక్కకు జరగనీయకూడదన్నది నేను నేర్చుకున్న మొదటి సూత్రం. పైన సంఘం పేరు ఎక్కడో ఎడమ మూల ఉండిపోయింది. నా తెల్లజాగా అంటూ ఏమీ మిగల్లేదు. నా చేయి నాకు తెలియకుండానే మౌసు మీదికి వెళ్ళింది.

“జర ఆగు సారు” అన్నాడు మామగారు.

ఆయన కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుని, మసక కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. కోడలు బాణం మీట నొక్కుతూ బొమ్మను జరుపుతోంది. పైన ఒక అంచు, కింద ఒక అంచు, మధ్యలో బెల్లం రంగు మెల్లగా పారుతోంది. ఆయన కుడి చేయి ఒడిలో చిన్నగా అటూ ఇటూ కదులుతోంది.

“పోనియ్యి బిడ్డా, పోనియ్యి” అన్నాడు. “ఇంకా కొంగు రాలే.”

నేను మౌసు మీద నుంచి చేయి తీసేశాను.

సాయంత్రానికి ఇరవై చీరలూ అలాగే ఎక్కించారు. నాకు పని లేకపోయింది. టీ తెప్పించి అందరికీ నేనే అందించాను.

సోమవారం ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తులేదు. వాన పడిందనీ, కరెంటు రెండుసార్లు పోయిందనీ, ఎవరి ఫోను మోగినా నేను తలెత్తాననీ గుర్తుంది. నాలుగింటికి దుకాణం ఆవిడ ఫోను చేసింది.

“సార్, ఇరవైల ఎనిమిదే తీసుకున్నరు.”

నేను బల్ల మీది కాగితం మీద ఎనిమిది అని రాసుకున్నాను.

“ఎనిమిదైనా మస్తు సార్. మగ్గాలన్నిటికి సంక్రాంతి దాంక చేతినిండ పని. సంఘపోళ్ళు ఇప్పుడే ఫోన్ చేసిండ్రు. దుకాణం ఉంచుమన్నరు.” ఫోనులో నీళ్ళ చప్పుడు వినబడింది. “ఇంకో మాట. ఆ పన్నెండెందుకు వద్దన్నరని అడిగిన. వాటికి ఇస్త్రీ గీతలు ఫోటోల సుత కనబడ్తున్నయన్నరు. చన్నీళ్ళల్ల జాడిస్తున్న, పోతయో పోవో.”

ఆ గీతలు పోయాయో లేదో ఆవిడ నాకు చెప్పలేదు. నేను అడగలేదు. ఆ పన్నెండు నేతలకూ ఎవరి ఇంట్లో ఎన్ని రోజులు ముడులు కట్టారో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. మీకు ఇది చెబుతున్నది అందుకే. మీ చట్రం బాగుందని నలుగురూ మెచ్చుకునే రోజున, ఫోను చేయడం మానేసిన కస్టమరు దగ్గరికి ఒకసారి నడిచి వెళ్ళండి.

ఆ వారం చివర మా యజమాని ఆ పేజీ చూసి నా బల్ల దగ్గరికి వచ్చాడు. “ఆర్డరైతే వచ్చింది గానీ, ఈ పక్కకి పారిపోయే పేజీ ఏంటండీ? చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. కాస్త సరిచేయరూ.”

“ఒకసారి చివరిదాకా జరిపి చూడండి” అన్నాను.

ఆయన నిలబడే మౌసు పట్టుకున్నాడు. జేబులో ఒక ఫోను మోగింది. ఎడమ చేత్తో దాన్ని నొక్కేశాడు. రెండోది మోగింది, దాన్నీ నొక్కేశాడు. కొంగు వచ్చేదాకా మౌసు వదల్లేదు.